గండి – కోట

తెలుగు రైతుకు 'గండి' అన్న మాట వింటేనే గుండె జారిపోతుంది. ఖమ్మం జిల్లా కల్లూరు ప్రాంతంలో వానకాలపు రాత్రి ఎవరైనా పరుగున వచ్చి "చెరువుకు గండి పడింది" అంటే, ఊరంతా పారలు, తట్టలు, ఇసుక బస్తాలు పట్టుకొని కట్ట మీదికి చేరుతుంది. కట్ట తెగి నీరు పోతే ఆ యేటి పంట పోయినట్లే. గండి అనగా ఒక అడ్డును నీరు తెగగొట్టుకొని పోయిన చోటు.

ఇదే మాట కడప జిల్లాలో ఒక కోటకు పేరైంది. అక్కడ తెగినది మట్టికట్ట కాదు, కొండ. తెగగొట్టినది ఒక్క రాత్రి వరద కాదు, యుగాల తరబడి పారిన పెన్నానది. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న ప్రవహించే ఆ లోయ గండి. ఆ గండి అంచున వెలసినది గండికోట. ఒకచోట కీడుకు గుర్తయిన మాట మరొకచోట రక్షణకు పేరు కావడం తెలుసుకోదగిన విషయం. ఆ రక్షణ ఎంతవరకు నిలిచిందన్నది అంతకంటె తెలుసుకోదగిన విషయం.

కల్లూరు నుండి సెలవులలో గండికోటకు వెళ్ళే విద్యార్థికి అక్కడి దృశ్యంలోని రెండు భాగాలు పరిచితమైనవే. ఖమ్మం పట్టణం నడుమ ఉన్న ఖిల్లాను చూసినవాడికి కొండమీది కోట కొత్త కాదు. భద్రాచలం దిగువన పాపికొండల మధ్య ఒదిగి సాగే గోదావరిని చూసినవాడికి కొండలను కోసుకొని పోయే నది కొత్త కాదు. ఆ రెండూ ఒకేచోట కలిసి, నదీ లోయయే కోటగోడగా మారిన స్థలం గండికోట. అందుచేత అక్కడ ఒక రోజు గడపడం, తెలిసిన రెండు పాఠాలను కలిపి చదువుకోవడం వంటిది.

జమ్మలమడుగు నుండి గండికోటకు సుమారు 15 కిలోమీటర్లు. తెల్లవారుజామున చేరినవాడు ముందుగా కోటను దాటి లోయ అంచుకు వెళ్ళడం మంచిది. నడుస్తున్నంతసేపు రాళ్ళు, ముళ్ళపొదలు తప్ప మరేమీ కనిపించవు. ఉన్నట్లుండి నేల ముగిసిపోతుంది. కాళ్ళముందు కొన్నిచోట్ల 300 అడుగుల వరకు నిటారుగా దిగిన రాతిగోడ, అడుగున పెన్న, ఆవల మళ్ళీ అట్లాంటిదే మరొక గోడ. పొద్దు పొడిచి ఎండ ఎదుటిగోడను తాకగానే, అంతవరకు బూడిదరంగులో ఉన్న బండలు ఎర్రబారుతాయి. కొండలకు ఎర్రమల అన్న పేరు ఎందుకు వచ్చిందో అప్పుడు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ బండలను పరిశీలించి చూస్తే మరొక విశేషం తెలుస్తుంది. అవి ఎవరో పనిగట్టుకొని పేర్చిన రాళ్ళవలె పొరలు పొరలుగా ఉంటాయి. ఖమ్మం ఖిల్లా ఉన్న కొండ ఇట్లా ఉండదు. అది గ్రానైటు శిల. భూగర్భంలో కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడినది. కనుక దానిలో పొరలు లేవు. ఎండకు, వానకు పైచెక్కు ఊడిపోతూ గుండ్రంగా, నున్నగా తేలుతుంది. గండికోట రాయి పుట్టుక వేరు. పూర్వం జలాశయపుటడుగున ఇసుక మీద ఇసుక పేరుకొని, బరువుకు అణగి రాయిగా మారి, కాలక్రమంలో మరింత గట్టిపడింది. దీనిని శాస్త్రజ్ఞులు క్వార్ట్‌జైటు అంటారు. ఈ శిలల వయస్సు 100 కోట్ల సంవత్సరాలకు పైమాటే. మనిషి కాదు గదా, చెట్టు కూడ నేలమీద పుట్టని కాలంనాటి ఇసుక ఇప్పుడు యాత్రికుని పాదాల కింద బండయై ఉన్నది.

ఇంత గట్టి రాతిని నీరు ఎట్లా కోసింది? ఈ ప్రశ్న రావడం సహజం. అందులోను పెన్న ఏడాది పొడవునా నిండుగా పారే నది కాదు. కర్ణాటకలోని నందికొండలలో పుట్టి, కరువుసీమను దాటి, నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలిసే ఈ నది చాలాకాలం ఇసుకతిన్నెలతోనే కనిపిస్తుంది. అయితే రాతిని కోసేది నీరొక్కటే కాదు. వరదనీటితోపాటు దొర్లివచ్చే ఇసుక, గులకరాళ్ళు అడుగుబండను ఆకురాయివలె అరగదీస్తాయి. ఒక్క వరదలో అరిగేది కంటికి కనబడదు. ఆ వరద లక్షలసార్లు వస్తే కొండ తెగుతుంది. అడుగున కోత సాగుతున్నకొద్దీ పక్కనున్న పొరలకు ఆధారం తగ్గుతుంది. బండలలో నిలువుగా పగుళ్ళుంటాయి. ఆ పగుళ్ళలోకి వాననీరు, చెట్లవేళ్ళు చొరబడి వాటిని వెడల్పు చేస్తాయి. చివరకు ఒక దిమ్మ మొత్తంగా విడివడి లోయలోకి జారుతుంది. ఏటవాలుగా అరగక, నిలువునా విరిగిపడడం వల్లనే ఈ గోడ ఇంత నిటారుగా నిలిచింది.

సముద్రతీరంలో కనిపించే నిలువుకొండల పుట్టుక కూడ కొంత ఇటువంటిదే. విశాఖపట్టణంలో డాల్ఫిన్ నోస్ అని పిలిచే కొండ సముద్రంలోకి చొచ్చుకొనిపోయి ఉంటుంది. అటువంటి కొండల మొదలును అలలు రేయింబవళ్ళు తాకుతూ తొలుస్తాయి. మొదలు కరిగితే పైభాగం కూలుతుంది. సముద్రం ప్రక్కనుండి కోస్తుంది, నది పైనుండి కిందికి కోస్తుంది. భేదం అంతే.

ఈ వివరణలో విద్యార్థి ప్రాణానికి సంబంధించిన ఒక హెచ్చరిక ఇమిడి ఉన్నది. గండికోట లోయ అంచు పొడవునా రక్షణ కంచె లేదు. ఫోటో కోసం చిట్టచివరి బండ మీదికి ఎక్కాలన్న ఉత్సాహం చాలామందికి కలుగుతుంది. ఆ బండ నిశ్చలంగా, ఏనుగు మోసినా కదలనట్లుగా కనిపిస్తుంది. కాని దాని వెనుక ఒక పగులు ఉన్నదేమో వంగి చూడాలి. ఉన్నట్లయితే అది కొండలో భాగం కాదు, పడడానికి వరుసలో నిలుచున్న దిమ్మ. అది నేడు పడకపోవచ్చు, వెయ్యేళ్ళకు పడవచ్చు. ఆ సంగతి దానిపై నిలిచినవాడికి తెలియదు. వానకు తడిసిన రాయి, గాలి విసురు, సెల్‌ఫోన్ తెరమీదనే నిలిచిన చూపు, ఈ మూడూ కలిస్తే బండ కదలకపోయినా కాలు జారుతుంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రలో కచ్చులూరు వద్ద పడవ మునిగి పలువురు మరణించిన దుర్ఘటనను గోదావరి ప్రాంతంవారు మరువలేరు. ప్రకృతి సౌందర్యం మనిషిని రమ్మని పిలుస్తుంది గాని, వచ్చినవాడిని కాపాడే బాధ్యత అది తీసుకోదు. అంచుకు నాలుగడుగుల ఇవతల నిలుచున్నవాడికి కూడ లోయ అంతే అందంగా కనిపిస్తుంది.

ఎండ ముదిరేలోగా వెనుదిరిగి కోటలో ప్రవేశించాలి. కోటగోడలు కూడ ఎర్రటి రాతివే. కొండను తొలిచి తీసిన రాతితోనే కట్టినందువల్ల, దూరం నుండి చూసినపుడు కొండ ఎక్కడ ముగిసిందో గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. సింహద్వారం వద్ద భారీ చెక్క తలుపులు, వాటిపై ఇనుప రేకులు, బయటికి పొడుచుకొని వచ్చిన మేకులు కనిపిస్తాయి. ఏనుగులతో తలుపులను ఢీకొట్టించే పద్ధతి ఆనాటి యుద్ధాలలో ఉండేది. మేకులు ఆ ఏనుగు నుదుటికోసం అమర్చినవి. ద్వారం దాటిన తరువాత దారి తిన్నగా పోదు, మలుపులు తిరుగుతుంది. వేగంగా చొచ్చుకొనివచ్చే శత్రుసేన మలుపువద్ద ఆగక తప్పదు. ఆగినచోట పైనుండి బాణాలు, గుండ్లు కురిపించవచ్చు.

లోయ ఉన్న వైపు ప్రకృతియే కాపలా. మిగిలిన వైపు మనిషి గోడ కట్టుకోవాలి, బురుజులు నిలపాలి, కావలివారిని పెట్టాలి. గండి చేసిన సాయం ఏమిటంటే, కాపాడుకోవలసిన నిడివిని తగ్గించడం. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఇక్కడి నుండి పాలన సాగించడానికి ఈ సౌలభ్యమే కారణం.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కోటలో నడుస్తుంటే కత్తుల కోనేరు, రాయల చెరువు వంటి జలాశయాలు కనిపిస్తాయి. ఇంత పెద్ద నది పక్కనే ఉండగా పైన చెరువులెందుకు? లోయ అంచున ఉదయం నిలుచున్నవాడికి సమాధానం తట్టుతుంది. నది పక్కనే ఉన్నది గాని అందుబాటులో లేదు. వందలాది అడుగుల నిలువుగోడ శత్రువును పైకి రానీయదు, కోటలోని వారిని నీళ్ళకు కిందికి దిగనీయదు. ముట్టడి వచ్చి నెలలు గడిస్తే, కంటి ఎదుట నది పారుతూనే ఉంటుంది, గొంతు ఎండుతూనే ఉంటుంది. కనుక వాన చినుకును కొండపైనే పట్టి నిలుపుకోవడం కోట కట్టినవారికి గోడ కట్టడమంత ముఖ్యమైన పని. ఖమ్మం ఖిల్లాలోని జాఫర్ బావి చెప్పే పాఠం కూడ ఇదే. మెట్లబావి కట్టినవారు విలాసానికి కట్టలేదు.

ఫ్రాన్సు దేశపు రత్నాల వర్తకుడు టావెర్నియే 1652లో గండికోటకు వచ్చాడు. అప్పటికి కోట గోల్కొండ రాజ్యపు సేనాని మీర్ జుమ్లా చేతిలో ఉన్నది. తన యాత్రాగ్రంథంలో టావెర్నియే, కొండను తొలిచి చేసిన ఇరుకుదారిని, దాని పక్కనున్న భయంకరమైన లోయను, అడుగున పారే నదిని వర్ణించాడు. కొండమీద చిన్న మైదానం ఉన్నదని, అందులో వరి, చిరుధాన్యాలు పండుతాయని, ఆ పొలాలకు చిన్న చిన్న ఊటలనుండి నీరు అందుతుందని కూడ రాశాడు. రత్నాలు అమ్మవచ్చినవాడి దృష్టి చేల మీద, ఊటల మీద పడడం గమనించదగినది. కోట బలం ఎక్కడున్నదో ఆ వర్తకుడు గుర్తించాడు.

కోనేటి తరువాత చూడవలసినది ధాన్యాగారం. మందమైన గోడలు, వంపు తిరిగిన పైకప్పు, లోపల చల్లదనం. ధాన్యానికి తడి తగలరాదు, కోనేరు ఎండరాదు. ఈ రెండింటిని ఒక కొండమీద ఏళ్ళ తరబడి సాధించడం అల్పమైన విద్య కాదు. సమీపంలోనే జామియా మసీదు, మరికొంత దూరంలో మాధవరాయస్వామి ఆలయ గోపురం, రంగనాథస్వామి ఆలయం ఉన్నాయి. కోట చేతులు మారినప్పుడల్లా పాలించినవారు తమ గుర్తును నిలిపారు. నేడు ఆ గోపురం, ఆ మీనారులు ఒకే చూపులో ఇముడుతాయి. వాటి నడుమ, కోటలోపలనే, ఒక ఊరు ఉన్నది. రాజులు వెళ్ళిపోయారు, ఊరు ఉండిపోయింది.

మరి ఇన్ని ఏర్పాట్లున్న కోట ఎందుకు లొంగింది? 1650 ప్రాంతంలో మీర్ జుమ్లా దీనిని గోల్కొండ పక్షాన వశపరచుకొన్నాడు. లోయవైపు గోడనెక్కి ఎవరూ కోటను గెలువలేదు. కల్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన స్థానిక చరిత్రలను కైఫీయతులంటారు. గండికోట కైఫీయతు ఆ పతనాన్ని చెప్పేటపుడు రాతిగోడ బలహీనతను గాక మనుషుల మధ్య జరిగిన ద్రోహాన్ని కారణంగా చూపుతుంది. ఆ కథనంలో చరిత్ర ఎంత, జనశ్రుతి ఎంత అన్నది పండితులు చర్చించవలసినది. కాని ఆ నేలమీది ప్రజలు తమ కోట పతనాన్ని ఎట్లా అర్థం చేసుకొన్నారో అది స్పష్టంగా చెబుతుంది. గండి బయటినుండి పడలేదు, లోపలనుండి పడింది.

ఈ సత్యం ఒక్క గండికోటకే పరిమితం కాదు. స్కాట్లండు దేశంలో ఉత్తర సముద్రపుటొడ్డున, నిలువుకొండ మీద డనాటర్ అనే కోట ఉన్నది. మూడువైపులా సముద్రం. ఆ దేశపు రాజచిహ్నాలైన కిరీటాన్ని, ఖడ్గాన్ని, రాజదండాన్ని అందులో దాచారు. టావెర్నియే గండికోటకు వచ్చిన 1652లోనే, నెలల తరబడి సాగిన ముట్టడి తరువాత, క్రాంవెల్ సేనల ఫిరంగులకు ఆ కోట లొంగిపోయింది. కాని సైనికులు లోనికి వెళ్ళి చూస్తే కిరీటం లేదు. అంతకుముందే దానిని రహస్యంగా బయటికి చేరవేసి కాపాడారు. అదే దేశపు ఎడింబరో కోటను 1573లో ముట్టడించినపుడు ఫిరంగి దెబ్బలకు బురుజు కూలి, దాని శిథిలాలు బావిని పూడ్చివేశాయి. నీరు కరువైన కోట ఎంతోకాలం నిలువలేదు. నిలువుకొండ ఉండి కూడ ఆ కోటలు పడిపోయాయి. రాజచిహ్నాలు మాత్రం మనుషుల నమ్మకం వల్ల నిలిచాయి. ఇక్కడ, అక్కడ, తేలేది ఒక్కటే. కొండ శత్రువును కొంతకాలం ఆపగలదు. కోటను నిలిపేవి నీరు, తిండి, లోపలి మనుషుల మధ్య నమ్మకం.

గోల్కొండ తరువాత కూడ గండికోట పలువురి చేతులు మారింది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన దత్తమండలాలలో కడప ప్రాంతం కూడ ఉన్నది. దూరం నుండి గుండ్లు విసిరే ఫిరంగులు పెరిగినకొద్దీ కొండకోటల ప్రాముఖ్యం తగ్గింది. నేడు పెన్నమీద ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. గండికోట జలాశయపు సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. గాలేరు–నగరి సుజల స్రవంతి పథకంలో భాగంగా శ్రీశైలం నుండి కృష్ణానీరు దానిలోకి చేరుతుంది. ఒకప్పుడు కోటలోని వారికి అందని నీరు నేడు దూరపు పొలాలకు అందుతున్నది. దానికోసం ముంపు గ్రామాలవారు పుట్టిన ఊళ్ళు విడిచి వెళ్ళారు. నీటిని నిలపడానికి ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తూనే ఉన్నారని అంచున నిలుచున్న యాత్రికుడు గుర్తుంచుకోవాలి.

సాయంకాలం తిరిగివస్తూ విద్యార్థి మరొకసారి గోడలను గమనిస్తే, శాసనాలు లేనిచోట కూడ అక్షరాలు కనిపిస్తాయి. అవి రాజుల పేర్లు కావు. మేకుతోనో, రంగుతోనో తమ పేర్లు రాసిపోయిన సందర్శకులవి. గండికోట కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రక్షిత కట్టడాన్ని పాడుచేసినవారికి, 2010లో సవరించిన చట్టం ప్రకారం, రెండేళ్ళ వరకు జైలుశిక్ష గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. అయితే ప్రతి గోడ వద్ద ఒక కావలివాడిని నిలపడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. నాడు కోటకు లోపలివారే రక్ష. నేడు లోపలికి వచ్చే ప్రతివాడూ, ఉన్నంతసేపు, లోపలివాడే.

గండికోట నుండి కల్లూరుకు తిరిగివచ్చిన విద్యార్థి చేయవలసిన పని ఇంకొకటి మిగిలి ఉన్నది. ఏదో ఒక ఆదివారం ఖమ్మం ఖిల్లా ఎక్కాలి. ఇంతకుముందు ఎక్కినవాడైనా మళ్ళీ ఎక్కాలి. ఈసారి గోడ ఎత్తును గాక, వాననీరు ఏ వాలున పారి ఎక్కడికి చేరుతుందో చూడాలి. జాఫర్ బావి మెట్లమీద నిలిచి, ముట్టడి రోజులలో ఆ మెట్లు దిగిన మనిషిని ఊహించుకోవాలి. గ్రానైటు బండమీద చెయ్యి వేసి, దానిలో పొరలు ఎందుకు లేవో తోడి విద్యార్థికి చెప్పగలగాలి. దూరపు కోటను చూసి వచ్చినందుకు ఫలం, ఊరి దగ్గరి కోటను చదవగలగడమే.